అడగకుండా మార్చిన యంత్రం

2018 జూలై 16, సోమవారం. ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. చిక్కడపల్లిలో ముందురోజు మొదలైన తుంపర ఇంకా ఆగలేదు. గాలి లేదు. వరండా గోడకున్న ఉష్ణమాపకం ఇరవై నాలుగు డిగ్రీలు చూపుతోంది. విద్యాసాగర్ గొడుగు తీసుకుని అశోక్‌నగర్‌లోని తన డీటీపీ దుకాణానికి బయలుదేరబోతుండగా కూతురు అనూహ్య టీ గ్లాసుతో ఎదురొచ్చింది.

"నాన్న, ఇవాళ్టి నుంచి నీకు పరేషాన్ లేదు. షాపుల కంప్యూటర్ నిన్న నేనే బాగుచేసిన."

"బాగుచేసుడంటే?"

"పాత సిస్టం మొత్తం తీసేసిన. నేను ఆఫీసు పనికి వాడే లినక్స్ సిస్టం ఎక్కించిన. ఇగ షాపుకొచ్చే పిల్లల పెన్‌డ్రైవ్‌లకెంచి వైరస్‌ల బాధ ఉండది. నీ ఫైళ్లన్నీ ముందే కాపీ తీసిన, ఒక్కటి గూడ పోలే."

ఆయన గ్లాసు అందుకోలేదు. "నన్ను అడిగినవా?"

"నువ్వు జనగామల పెండ్లికి పోయినవు కద. వచ్చేసరికి చేసిపెడదామనుకున్న."

వంటింట్లోంచి తల్లి రాగిణి గొంతు వినిపించింది. "తండ్రీబిడ్డలు పొద్దుగాల్నే షురువు చేసిన్రా? టీ చల్లారుతది, తాగి కొట్లాడుకోండ్రి."

విద్యాసాగర్ టీ తాగకుండానే మెట్లు దిగాడు. అనూహ్య చెప్పులు వేసుకుని వెనకే నడిచింది.

ఆమె చేసిన పనికి కారణం లేకపోలేదు. ఆ యంత్రం ఒక్క నెలలో మూడుసార్లు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ కోఠి నుంచి మెకానిక్ వచ్చి రెండు రోజులు తినేవాడు. ప్రోగ్రామరైన అనూహ్య అది చూసి ఊరుకోలేకపోయింది. ఆదివారం దుకాణం తెరిచి, పదకొండు వేల రెండు వందల నాలుగు ఫైళ్లను వేరే డిస్కులోకి ఎక్కించి, లెక్క సరిపోయిందని రెండుసార్లు చూసుకుని, ఆ తర్వాతనే పాతదాన్ని తుడిచేసింది. తన వృత్తి నేర్పిన జాగ్రత్తలన్నీ తీసుకుంది. ఒక్క తెలుగు పేజీని మాత్రం తెరిచి చూడలేదు.

ఇరవై రెండేళ్లుగా విద్యాసాగర్ పోటీ పరీక్షల పుస్తకాలను తెలుగులో టైపు చేస్తున్నాడు. పనిచ్చే కోచింగ్ మాస్టార్లలో ఇద్దరు ఆ ఏడాదే వేరే దుకాణానికి మారారు. మిగిలినవాళ్లలో పెద్దవాడు అర్థశాస్త్రం చెప్పే ఉప్పలయ్య. ఆయన పుస్తకం, నాలుగు వందల పన్నెండు పేజీలు, ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు నారాయణగూడలోని ప్రెస్సుకు చేరాలి. అది తప్పితే ఉప్పలయ్య కూడా వెళ్లిపోతాడు. ఆయన వెళ్లిపోతే దుకాణం షట్టరు ఎత్తే అవసరం ఉండదు.

విద్యాసాగర్ దుకాణం తెరిచి, కుర్చీలో కూర్చుని మొదటి అధ్యాయం తెరిచాడు. తెరమీద ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, విరిగిన గీతలు బారులు తీరాయి. రెండో అధ్యాయమూ అంతే. పదో అధ్యాయమూ అంతే.

కారణం అనూహ్యకు అర నిమిషంలో తెలిసింది. ఆ దుకాణంలో కొట్టిన తెలుగు, యంత్రం లెక్కలో తెలుగు కాదు. పాత సాఫ్ట్‌వేర్ ఒక్కో ఇంగ్లిషు గుర్తు మీద ఒక్కో తెలుగు ముక్కను తొడిగేది. ఆ సాఫ్ట్‌వేర్ పాత సిస్టంలోనే నడుస్తుంది. తుడిచేశాక మళ్లీ ఎక్కించాలంటే కంపెనీ కొత్త లైసెన్సు సంఖ్య ఇవ్వాలి. ఆ కంపెనీ మూతపడి ఆరేళ్లయింది.

తొమ్మిదింబావుకు ఉప్పలయ్య తడిసిన చొక్కాతో లోపలికొచ్చి తెరవైపు చూశాడు.

"సాగరన్నా, ఇదేం లిపి? ఈసారి సిలబస్‌ల చైనా భాష గూడ పెట్టిన్రా ఏంది?"

ఎవరూ నవ్వలేదు. విద్యాసాగర్ జరిగింది చెప్పాడు. కూతురి పేరు ఎత్తలేదు, "సిస్టం మారింది" అని మాత్రం అన్నాడు.

ఉప్పలయ్య ముఖంలో నవ్వు పోయింది. "పరీక్ష అయిదు వారాలే ఉన్నది. లైబ్రరీ కాడ చదువుకునే పిల్లలు రోజు అడుగుతున్నరు. పన్నెండింటికి వస్త. అప్పటికి గూడ ఇట్లనే ఉంటే వేరే చోట చూసుకుంట, ఏమనుకోకు అన్నా."

ఉప్పలయ్య వెళ్లాక విద్యాసాగర్ కూతురివైపు తిరిగాడు.

"మీ సాఫ్ట్‌వేరోళ్లందరు ఈ లినక్స్‌ను అంతగనం ఎందుకు మోస్తరు?" విద్యాసాగర్ గొంతు పెంచకుండా అడిగాడు. "చెప్పు, వింట."

"ఇప్పుడెందుకు నాన్న అది?"

"నా షాపును ముంచింది ఏందో నాకు తెలవొద్దా?"

అనూహ్య నేల చూస్తూ చెప్పింది. "ఇందుల తాళం వేసిన అర్ర ఉండది. ఏదన్న చెడిపోతే లోపలికి పోయి ఎందుకు చెడిపోయిందో చూడొచ్చు, మనమే దిద్దుకోవచ్చు. ఎవరో రాస్తరు, ఇంకెవరో బాగుచేస్తరు, అందరికి కనవడేటట్టు పెడతరు. మా కంపెనీ సర్వర్లు గూడ దీని మీదనే నడుస్తయి. ఇంట్ల రాసింది అక్కడ అట్లనే పనిచేస్తది. ఇంకా..."

"ఆపినవేంది?"

"పని నడుమ దానంతట అది ఏదీ మార్చది. మిషను ఎవరిదో వాళ్లను అడిగే మారుస్తది."

"అడిగే మారుస్తది." ఆయన ఆ మాటను నెమ్మదిగా మళ్లీ అన్నాడు. "మంచి గుణం. దాంతోని పొద్దంత ఉంటవు కద, నీకెందుకు రాలే అది?"

ఆయన తెరమీది గుర్తులను వేలితో చూపించాడు.

"నాకు చాతకాదనుకున్నవు. నాకు చెప్పినా సమజ్ కాదనుకున్నవు. అవునా కాదా?"

కాదనడం తేలిక. కానీ దుకాణం మూయించమని మూడు నెలలుగా తల్లి చెవిన వేస్తున్నది తానే. తండ్రి అలసిపోయాడన్నది ఆమె సొంత తీర్మానం. ఆ తీర్మానం గురించి కూడా ఆయనను అడగలేదు.

"అడిగితే వద్దంటవని తెలుసు నాన్న. అందుకే అడగలే." కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీ మిషను మీద నేను అడగకుండ మార్చే కంపెనీవోని లెక్కనే చేసిన."

విద్యాసాగర్ కాలితో రెండో కుర్చీని తన పక్కకు లాగాడు.

"లోపలికి పోయి చూడొచ్చు అంటివి. పోయి చూడు."

"ఏ గుర్తుకు ఏ ముక్కనో తెలిస్తే మార్చే ప్రోగ్రాం రాస్త. ఆ పట్టిక ఎక్కడ లేదు. కంపెనీతోనే పోయింది."

ఆయన తన పాత కీబోర్డును ముందుకు జరుపుకుని కళ్లు మూసుకున్నాడు. వేళ్లు మీటల మీద ఆనీ ఆననట్టు కదిలాయి.

"రాసుకో. 'మ' అంటే ఒక్కటే అక్షరమనుకుంటవు నువ్వు. ఇందుల అది రెండు ముక్కలు. ముందు 'వ' పడాలె, దాని పక్కన కొమ్ము."

"'య' గూడ రెండు ముక్కలేనా?"

"అంతే. కొమ్ము మర్చిపోతే వేరే అక్షరమైతది. తలకట్టు ఆఖరుకు కొట్టాలె. వత్తులు షిఫ్ట్ మీద ఉంటయి, ఒక్కొక్కటి చెప్త, తొందరపడకు."

ఆయన చెప్పాడు, ఆమె రాసింది. ఆయనకు అనుమానం వచ్చిన చోట ముందే అచ్చు తీసి ఉంచిన ప్రూఫు కాగితాల మీది వరుసను తెరమీది గుర్తులతో పక్కపక్కన పెట్టి సరిచూశారు. పదకొండు యాభైకి మొదటి పేజీ తెలుగులో నిలబడింది. అందులో ఏడు తప్పులున్నాయి. ఏడింటినీ ఆమెకంటే ముందు ఆయనే పట్టుకున్నాడు.

పన్నెండుకు వచ్చిన ఉప్పలయ్య కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాడు. "ఏం చేసినవు బిడ్డా?"

"ప్రోగ్రాం ఒక్కటే నాది సార్. తెలివి నాన్నది."

రెండు గంటలకు పుస్తకం సిద్ధం కాలేదు. పేజీల అమరిక చెదిరింది, దాన్ని చేత్తో సరిచేయాలి. ఉప్పలయ్య ప్రెస్సుకు ఫోన్ చేసి మర్నాడు పొద్దున తొమ్మిది దాకా గడువు తీసుకున్నాడు. రాగిణి మూడు గంటలకు అన్నం డబ్బా పట్టుకొచ్చి, ఇద్దరూ ఒకే తెరమీదికి వంగి వాదించుకోవడం చూసి డబ్బా బల్లమీద పెట్టింది.

"కొట్లాట ఇంక అయిపోలేదా?"

"ఇది వేరే కొట్లాట. 'ఝ' దగ్గర ఆగినం," అన్నాడు విద్యాసాగర్.

మంగళవారం ఎనిమిది నలభైకి పుస్తకం నారాయణగూడ చేరింది. తిరిగి నడిచి వస్తూ అనూహ్య అడిగింది.

"నాన్న, ఆ పట్టికను నెట్‌ల అందరికి కనవడేటట్టు పెడదామా? నీలెక్క చిక్కుకున్నోళ్లు శానమంది ఉంటరు. నువ్వు వద్దంటే పెట్ట."



"పెట్టు. దాంట్ల తప్పు దిద్దాలంటే నన్నడుగుతరా?"

"నీ పేరు మీద ఉంటే నిన్నే అడుగుతరు."

"అయితే నా పేరు మీదనే పెట్టు."

విద్యాసాగర్ 2022 మార్చిలో తన ఇష్టంతోనే దుకాణం మూసేశాడు. అప్పటికి ఆ పట్టికకు నూట ముప్పై ఒక్క దిద్దుబాట్లు వచ్చాయి. వాటిలో ఎనభై ఆరింటిని ఆయన ఒప్పుకున్నాడు.