నాలుగు వేళ్ల వదులు

ఐదో అర మీద తోటకూర కోతకొచ్చింది. స్వరూప నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి కుడిచేత్తో కోస్తూ, ఎడమ మోచేతిని డొక్కకు అదిమి పెట్టుకుంది. అట్లా అదమకపోతే చలువంగీ పక్క నుంచి లోపలి పట్టీ కనబడుతుంది. ఒంటిచేతి కోత కాబట్టి బుట్ట నిండడానికి రెట్టింపు సేపు పట్టేది. అయినా ఆమెను ఆ అర మీది నుంచి ఎవరూ దించలేదు. పైర్లకు వెలుగిచ్చే దీపాల వేడికి అందరూ భయపడే ఐదో అర పదకొండేళ్లుగా ఆమెదే.

పైన నేల మీద ఎండ యాభై ఆరు. కింద, బొగ్గు అయిపోయిన ఏడు గనుల్లో నలభై వేల మంది బతుకుతున్నారు. అందరికీ ఒకటే అంగీ: చేతులుండవు, చంక దగ్గర నాలుగు వేళ్ల వదులు. అంచులో అల్లిన నరంతీగ ఒంటివేడిని బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. ఎవరి ఒంటివేడి అన్నదే తిరకాసు. నలభై వేల ఒళ్లను విడివిడిగా వినడం గనులను ఏలే మండలికి దండగ. అందుకని ఒక్క మనిషి ఒంటిని మూలదేహంగా పెట్టుకుని, దాని చెమటను వింటూ, ఏడు గనుల అంగీలనూ ఒకేసారి వదులు చేస్తుంది. అంగీలు ఎంత వదులైతే పంకాలు అంత నెమ్మదిగా తిరగవచ్చు. కరెంటు మిగులుతుంది.

మూలదేహం ఎవరిదో ఎవరికీ తెలియదు. అది బొమ్మ అని కొందరు, లెక్కల్లో తప్ప ఎక్కడా లేని మనిషి అని కొందరు. ఆడవాళ్లు దాన్ని తిట్టని రోజు లేదు. "దానికి సిగ్గులేకుంటె మనకు లేదానే?" అని మొదలుపెట్టేది ఎప్పుడూ స్వరూపే.

గనిలో అద్దాలు పనికిరావు, ఆవిరికి గంటలో మసకబారతాయి. అందుకని ఆడవాళ్లు ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరికొకరు అద్దం అవుతారు. పనికెక్కేముందు ఎదురెదురుగా నిలబడి చేతులెత్తుతారు. ఎక్కడ కనబడుతోందో, పిన్నీసు ఎక్కడ పెట్టాలో అద్దమే చెప్పాలి. స్వరూప అద్దం లచ్చక్క, ఆమెకన్నా పదిహేనేళ్లు పెద్ద. పని నేర్పింది, పట్టీ వెడల్పుగా కట్టుకోవడం నేర్పింది, చూసేవాళ్లు ఎటువైపుంటే గోడ ఎటువైపు ఉంచుకోవాలో నేర్పింది. రోజూ చివర్లో చంక కింద బొటనవేలితో ఒక్కసారి అద్ది, "మంచిగున్నది, పో" అనేది. తల్లి లేని స్వరూపకు ఆ వేలి అద్దుడు దిష్టిచుక్కతో సమానం. ఒకసారి ఆమె అంగీ పక్కలకు రెండు గుడ్డముక్కలు వేసి కుట్టుకుంటే, లచ్చక్కే కుట్లు విప్పదీసింది. "మండలోళ్లు చూస్తే నిన్ను గని దాటిస్తరే పిల్లా" అంది. తన మంచికోరే చెప్పిందనుకుంది స్వరూప.

ఈ పూట లచ్చక్క మోకాళ్లు చూపించుకోవడానికి వైద్యశాలకు పోయింది. అద్దం లేకుండానే స్వరూప నిచ్చెన ఎక్కింది.

"లచ్చక్క, స్వరూప. ఈ జత మీదేనా అమ్మా?"

కింద కొత్త తాపరి పురుషోత్తం. గనివేడిని చూసుకునే ఉద్యోగంలో చేరి నాలుగు రోజులే అయింది. మర్యాదస్తుడు. నిచ్చెన మీది ఆడమనిషితో మాట్లాడుతూ చూపు నేల మీదే నిలిపాడు.

"మాదే సార్."

"మూలదేహానికి అద్దం మీరే కదా? పొద్దున్నుంచి కన్ను పెట్టలేదంటూ పైనుంచి ఒకటే గోల. ఇదిగో, ఇప్పుడైనా పెట్టేయండి."

పుస్తకంలో జతల పేర్లే ఉంటాయి. ఇద్దరూ ఒకరికొకరు అద్దాలే కాబట్టి ఎవరు ఎవరికన్నది ఎవరూ రాయరు. పాత తాపరికి తెలుసు. ఈయనకు ఎవరూ చెప్పలేదు. స్వరూప దిగివచ్చి చెయ్యి చాపితే, ఒక చిన్న పొట్లం అందులో పెట్టి హడావుడిగా వెళ్లిపోయాడు.

పొట్లంలో ఆవగింజంత పారదర్శకమైన బిళ్ల, చెమటను కనిపెట్టే కన్ను. దాని మీది కాగితంలో మూడే వాక్యాలు. "ఎడమ చంక కింద, పాత కురుపు మచ్చ పక్కన. రోజూ మార్చాలి. మూలదేహానికి తెలియనివ్వరాదు."

లచ్చక్క ఒళ్లు ఆమెకు కొట్టినపిండి. ఆ మనిషికి చంక కింద మచ్చ లేదు. కురుపు లేచింది స్వరూపకు, తొమ్మిదేళ్లప్పుడు. ఆ సంగతి తల్లికి తెలుసు, ఆ తర్వాత లచ్చక్కకే తెలుసు.

నిచ్చెన పట్టుకుని కాగితం మళ్లీ చదివింది. పదకొండేళ్లుగా తను తిట్టిన సిగ్గులేనిది తనే. ఐదో అర వేడికి తన ఒళ్లు ఉడికినప్పుడల్లా ఏడు గనుల్లో ఎక్కడో ఏ పిల్లకో అంగీ జారింది, ఆ పిల్ల మోచెయ్యి అదుముకుంది. ఇదంతా మండలి చేసిందంటే కోపం వచ్చి ఊరుకునేది, మండలి నుంచి ఆమె ఎన్నడూ మంచి ఆశించలేదు. కానీ ఆ వేలు లచ్చక్కది. కంచే చేను మేసింది.

లచ్చక్క కుంటుతూ వచ్చింది. "ఏందే, అద్దం లేకుంటనే ఎక్కినవా? రా, చేతులెత్తు."

స్వరూప కాగితం చూపించింది. లచ్చక్క చదవలేదు. చదవాల్సిన పని ఆమెకు లేదు.

"ఎవలిచ్చిండ్రు?"

"ఎవలిస్తేంది? ఎన్నేండ్ల నుంచి అక్కా?"

"నువ్వొచ్చిన మూడో నాటి నుంచి."

"అంటె నన్ను మంచిగ చూసుడే గీ పనికోసమా?"

"గట్లనకు." లచ్చక్క కింది మెట్టు మీద కూలబడింది. "మోకాళ్లు అప్పటికే పోయినయే. నిచ్చెన ఎక్కలేనోళ్లను పై నేల మీది కొట్టాలకు తోలుతుండిరి. కింది అర నాకిస్తమన్నరు. ఒక్క వేలు అద్దితె సాలన్నరు. నీకేం నొప్పి కాదన్నరు."

"నన్నడిగితివా?"

"అడిగితె ఒప్పుకుందువా?"

"ఒప్పుకుందునేమో. నీ కోసమైతె ఒప్పుకుందునేమో అక్కా! నువ్వు అడుగనే లేదు గదా. పైగ నా కుట్లు ఇప్పినవ్. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయన్నట్టు చేసినవ్."

లచ్చక్క ఏడ్చింది. "తప్పయింది బిడ్డా. దాన్ని అవుతల పారెయ్యి. నేనే చెప్త, అది పడిపోయిందని."

స్వరూప బిళ్లను చూసింది. పారేస్తే రేపు ఇంకొక ఒళ్లు వెతుకుతారు, ఇంకొక అద్దాన్ని మంచి చేసుకుంటారు. ఆ ఒంటికీ చెప్పరు. ఆమె ఎడమ చెయ్యెత్తి, మచ్చ పక్కన, తన వేలితో తనే అద్దుకుంది.

తర్వాత ఐదో అర ఎక్కలేదు. గని అంచున చల్లగాలి వచ్చే గాలిగొంతు దగ్గర, రోగుల కోసం వేసిన బల్ల మీద కూర్చుంది. కూరగాయలు కప్పే గోనెగుడ్డను నీళ్ల తొట్టిలో ముంచి, పిండి, చంక కింద పెట్టుకుని చెయ్యి దించింది.

పావుగంటలో అంచులు కదిలాయి. మొదట రెండో అర మీది అమ్మాయి ఉలిక్కిపడి తన పక్క చూసుకుంది. నాలుగు వేళ్ల వదులు మూడైంది, రెండైంది. అంగీ ఒంటికి అంటీ అంటనట్టు వచ్చి ఆగింది. ఆ అమ్మాయి అనుమానంగా ఒక చెయ్యి ఎత్తింది. తర్వాత రెండో చెయ్యి కూడా ఎత్తి, రెండు చేతులా కోయడం మొదలుపెట్టింది. అంగీలు మూసుకుంటే పంకాలు పూర్తి వేగంతో తిరగాలన్నది మండలి పెట్టుకున్న నియమమే. పైకప్పులో ఏళ్లుగా సగం నిద్రలో ఉన్న పంకాలు ఒక్కొక్కటే హోరెత్తాయి. ఎవరో నవ్వారు. లచ్చక్క మాత్రం కింది మెట్టు దగ్గరే, తనకు సరిపోయిన అంగీలో తలెత్తకుండా కూర్చుంది.

పురుషోత్తం పరుగున వచ్చాడు. ఈసారి చూపు నేల మీద లేదు.

"మీరా? మూలదేహం మీరా? అమ్మా, దయచేసి పైకెక్కండి. ఏడు గనుల్లో కరెంటు సాయంత్రానికి అయిపోతుంది."

"సలి పెడ్తాంది సార్. ఎక్క."

"ఇంకొక ఒళ్లు కుదరాలంటే ఆరు నెలలు పడుతుందమ్మా!"

"ఎతుక్కోండ్రి. గీసారి ఆమెను అడిగి పెట్టుండ్రి."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. పంకాల హోరులో వినబడలేదు. గుడ్డ ఆరుతోందనిపించి స్వరూప వంగి దాన్ని మళ్లీ తొట్టిలో ముంచింది.