దొర బంగళాలో మంద కూత

మర్రిపాడు రోడ్డున దొర బంగళా కాడ పొద్దుగూకినాక బండి ఆపే మొగోడు ఉండాడా? లేడు! ఎవురో తెల్లదొర కట్టించినాడంట. కొండ రాళ్లు మోయించి, మూరెడు మందం గోడలు లేపి, కమాను వాకిళ్లు పెట్టి... మన ఎండలు చాలవన్నట్టు లోపల చలిమంట గూడు, పైన పొగగొట్టం! వాళ్ల దేశంలో ఇల్లు అట్టనే ఉంటాదంట. కాపురం పెట్టకముందే జ్వరమొచ్చి పోయినాడు. అప్పట్నుంచి ఆ పొగగొట్టంలో మూలగతా ఉండాడని ఊరంతా చెప్పుకుంటారు.

మా సుబ్బన్నకు గొర్లే ఆస్తి. ఎరువు కోసం ఎవురు పిలిస్తే వాళ్ల చేన్లో రాత్రికి మంద నిలుపుతాడు. బంగళా పక్క చేన్లో నిలిపినప్పుడల్లా తెల్లారేసరికి ఒక గొర్రె మాయం. "అది దొర తీసుకున్నాడులే నాయనా, వెతకబాక," అనేది వాళ్లమ్మ శీనమ్మ. పిచ్చోడు, నమ్మినాడు!

పోయిన అమాసకి కాసిని గొర్లు, మందకు విత్తనంగా ఉంచుకున్న పొట్టేలు మిగిలినాయి. ఆ పొట్టేలు కూడా పోతే ఇంక బెంగుళూరు కూలికి పోవాల్సిందే. ఆ రాత్రి బంగళా పక్క చేన్లోనే మంద నిలిపి, సుబ్బన్న నిద్రపోకుండా కూర్చున్నాడు.

నడిరేయి... పొగగొట్టంలోంచి కూత.

"ఇర్ర్ర్... హోయ్..."

సుబ్బన్న దిగ్గున లేచినాడు. అది వాళ్ల నాయన కూత! చచ్చిపోయిన నాయనది. వాళ్ల మంద ఆ కూతకి తప్ప ఇంకే కూతకీ కదలదు. పొట్టేలు చెవులు నిక్కబెట్టింది — లేచి బంగళాలోకి నడిచింది.

భయం ఉండదా? ఉండాది. కానీ పొట్టేలు పోతా ఉండాదే! వెనకాలే పోయినాడు. కమాను దాటి, గబ్బిలాల కంపులో, చలిమంట గూడు కాడికి... సెల్లు లైటు వేసినాడు.

గూట్లో తల పెట్టి కూస్తా ఉండాడు — సొంత అన్న పెంచలనరసయ్య! చేతిలో పలుపుతాడు. అవును మరి, నాయన కూత కొడుకులకి కాక ఇంకెవరికి వస్తాది?

"అన్నా... నువ్వా?"

"దొర తీసుకున్నాడనుకోని పోరా," అన్నాడు, సిగ్గు లేకుండా.

సుబ్బన్న పొట్టేలును లాక్కోని, ఏడ్చుకుంటా ఇంటికి ఉరికినాడు. తలుపు తీసిన తల్లి కాళ్ల కాడ కూలబడినాడు.

"అమ్మా... గొర్లు ఎత్తకపోయేది దొర కాదమ్మా... అన్న..."

శీనమ్మ గబుక్కున వాడి నోరు మూసింది.

"మెల్లిగా నాయనా..." అని గుసగుసలాడింది. "పొట్టేలును మాత్రం ముట్టుకోబాకరా అని వాడికి చెప్పినానే... వినలేదా?"