వాగు దగ్గరి పిట్ట

ఉదయం అయిదింటికి టిమోతి లేచాడు. ఆటోనగర్‌లో లేత్ షాపు పెట్టిన ముప్ఫై ఏళ్ళుగా అదే వేళకి లేస్తున్నాడు. ఇక్కడ అనంతగిరి అడవిలో, చెక్క పలకల గదిలో పడుకున్నా అలవాటు మారలేదు. భార్య దేవకుమారిని లేపి, చాప పరిచి, పాటల పుస్తకం తెరిచి, గొంతెత్తి స్తుతి పాట అందుకున్నాడు.

గాజువాకలో ఇంటివి సిమెంటు గోడలు. పక్కింటివాళ్ళూ సంఘస్థులే కనుక వాళ్ళూ గొంతు కలిపేవారు. ఇక్కడ పాట పలకల సందుల్లోంచి నేరుగా వాగు దాకా వెళ్ళింది.

మూడో చరణంలో కూతురు స్టెఫీ తలుపు తోసుకుని వచ్చింది. బ్యాంకు కోచింగ్ మానేసి, ఈ అడవి బసలో అతిథులను వెంట తిప్పి చూపించే పనిలో చేరి రెండు నెలలైంది. మూడు నెలలు చూసి, ఉంచేదీ లేనిదీ చెబుతానన్నాడు యజమాని కృష్ణంరాజు. టిమోతి మాత్రం ఆమెను రేపు ఆదివారం ఇంటికి తీసుకుపోదామనే వచ్చాడు.

స్టెఫీ పాట ఆపమని చెయ్యి ఊపింది. "పిట్ట ఎగిరిపోయింది నాన్నా."

"ఏ పిట్ట?"

"హైదరాబాదోళ్ళు నలుగురు నాలుగున్నర నుంచి వాగు దగ్గర ఊపిరి బిగబట్టి కూకున్నారు. అచ్చం మనిషి ఈల ఏసినట్టు పాడతాది ఆ పిట్ట. ఒక్క ఈల ఏసిందో లేదో, నువ్వెత్తుకున్నావు."

దేవకుమారి నవ్వాపుకుంది. "మీ నాన్నతో పోటీ ఎందుకని పోయుంటాది."

టిమోతి నవ్వలేదు. "దేవుడి పాట పాడితే పోయే పని, అదేం పని? నాను ఇంట్లో రోజూ పాడతన్నాను, ఎవులైనా ఆపినారా? ఇక్కడ సర్చి నేదు, మనోళ్ళు నేరు. సామాను సర్దుకో. రేపు మాతో వచ్చేత్తన్నావు."

"నాను రాను. నీ బాధ సర్చి గురించి కాదు, నీ మాట సాగడం గురించి. షాపులో నీ గొంతే, ఇంట్లో నీ గొంతే. మా మాట ఎప్పుడైనా ఇన్నావా? దేవుడికేం సెవుడు నేదు, అంతలా అరిసి పాడక్కర్లేదు."

టిమోతి పుస్తకం మూసి, బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ మాట ఎందుకన్నావే?" అంది దేవకుమారి. ఇంకేదో చెప్పబోయి ఊరుకుంది.

మధ్యాహ్నం కృష్ణంరాజు ఫోను చేశాడు. అతిథులు అతనికి ఫిర్యాదు చేశారట. సాయంత్రం పిట్టను చూపిస్తే సరి, లేకపోతే ఈ నెలతో ఆపేద్దామన్నాడు. స్టెఫీ ఆ సంగతి తల్లికి చెప్పింది. తల్లి మెట్టు దగ్గరకు వెళ్ళి భర్తకు చెప్పింది.

నాలుగింటికి టిమోతి చెప్పులేసుకున్నాడు. "నాను సెడగొట్టిందే కదా. ఆ నలుగురికీ సారీ సెప్పి వత్తాను."

భార్యతో కలిసి వాగు దగ్గరకు వెళ్ళి చెప్పాడు కూడా. అది కూడా లోయంతా వినిపించేలా. స్టెఫీ వేలు పెదవుల మీద పెట్టుకుంది. ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. తల్లీ కూతుళ్ళ పక్కన బండ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఎండ కొండ దాటాక ఈల మొదలైంది. పిట్ట పది అడుగుల దూరంలో, తడి రాయి మీద ఉంది. అతిథుల ముఖాలు వెలిగాయి. స్టెఫీ గుండె కుదుటపడి తండ్రివైపు తిరిగింది. ఆయన పిట్టను కాక అతిథుల ముఖాలను చూస్తున్నాడు. ఈల ఆగింది. ఎగిరిపోతుందేమోనని అందరూ కదలకుండా ఉన్నారు. ఆ నిశ్శబ్దంలో టిమోతి, ఈల ఇంకా సాగుతున్నట్టు, మెచ్చుకోలుగా తల ఊపాడు.

స్టెఫీ, తల్లి ముఖంలోకి చూసింది. దేవకుమారి కూతురి చెవి దగ్గరకు వంగింది.

"నాలుగేళ్ళయింది. మీ నాన్నకి సన్న శబ్దాలు సెవికి ఆనవు. లేత్ మోతకే ఇనికిడి పోయింది. తన పాట తనకి ఇనబడాలని అంత గట్టిగా పాడతారు. నీకు సెప్పొద్దన్నారు."

స్టెఫీకి కళ్ళు మసకబారాయి. ఆ గొంతు పెత్తనమనే ఇన్నాళ్ళూ అనుకుంది, ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆమె తండ్రి చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. పిట్ట మళ్ళీ పాడింది. ఈల సాగినంతసేపూ ఆయన అరచేతిని నొక్కి పట్టుకుంది, ఆగినప్పుడు వదిలింది, మళ్ళీ నొక్కింది. కాసేపటికి ఆయనకు అర్థమైంది. కళ్ళు మూసుకున్నాడు.

పిట్ట వాగు మీదుగా చెట్లలోకి వెళ్ళిపోయాక కళ్ళు తెరిచి, కూతురివైపు వంగి, గుసగుసే అనుకుంటూ అన్నాడు.

"రేపు నానూ మీ అమ్మా ఎల్తాం. నువ్వుండు తల్లీ."

నలుగురు అతిథులూ వెనక్కి తిరిగి చూశారు. స్టెఫీ ఈసారి వేలు పెదవుల మీదకు తేలేదు.