రెండుసార్లు తడితే కదలాలి

నా రాతలో ఒక అక్షరం ఒత్తు పక్క అక్షరానికి పోతే మీరే సర్దుకుని చదువుకోండి. నేను అక్షరాలు నేర్చింది అరవై ఏడో ఏట. ఈ కాస్త రాయడానికే పద్దెనిమిది రోజులు పట్టింది. పడుచువాళ్లకి అంత ఓపిక ఉండదు కాబట్టి నేరుగా కథలోకి వస్తాను.

మా ఆయన పోయాక నాకు దొరికిన ఉద్యోగం పడుకోవడం. నవ్వకండి. నర్సింగ్ అసిస్టెంట్లకి శిక్షణ ఇచ్చే సెంటర్లో ఉత్తుత్తి పేషెంటుని నేను. ఒకరోజు కాలు విరిగినదాన్ని, ఒకరోజు పక్షవాతం వచ్చినదాన్ని, ఒకరోజు స్పృహ లేనిదాన్ని. స్పృహ లేని రోజులే నాకిష్టం. కళ్లు మూసుకుంటే చాలు, నేనక్కడ లేననుకుని అందరూ అన్నీ మాట్లాడేసుకుంటారు.

కిందటేడు వచ్చిన ఒక బ్యాచ్‌లో ఇద్దరు తప్ప అందరూ ఇరవై ఏళ్లవాళ్లే. ఆ ఇద్దరిలో ఆయనకి నలభై ఆరు, టైలరు. రెడీమేడ్ బట్టల దెబ్బకి కొట్టు మూతపడింది. మంచాన పడ్డ తల్లికి మూడేళ్లు తనే అన్నీ చేశాడు. ఆవిడ పోయాక చేతులు ఆ పనే వెతుక్కుంటున్నాయని ఇటు వచ్చాడు. ఆమెకి నలభై నాలుగు, బస్సు కండక్టరు. టికెట్లకి మెషీన్లు పెట్టి ఆమెని ఇంటికి పంపేశారు. ఇద్దరికీ పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో కనుక్కోవాలని నాకు మొదటి రోజు నుంచీ ఒకటే ఆరాటం.

ఆ మొదటి రోజే గొడవ. బీపీ చూడటం నేర్పుతున్నారు. కండక్టర్ చేతికి ఏ సైజు పట్టీ సరిపోతుందో కొలిచి చెప్పమని ట్యూటర్ మేడమ్ టైలర్‌కి టేపు ఇచ్చింది. ఆయన టేపు విప్పనే లేదు. ఆమె చెయ్యి వైపు ఒక్క చూపు చూసి, “పన్నెండుంబావు” అన్నాడు.

“ఏంటీ?” అందామె.

“అంగుళాలండీ. మోచేతికి పైన.”

“నేనిక్కడికి కొలతలివ్వడానికి వచ్చానా?”

“కొలవమన్నది మేడమే కదండీ.”

“కొలవమన్నారు. చూడమనలేదు.”

మేడమ్ టేపు చుట్టి చూసింది. పన్నెండుంబావు. క్లాసంతా గొల్లుమంది. మర్నాడు కండక్టర్ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకొచ్చింది. కోపమా, సిగ్గా? పడుకుని ఆ రోజంతా అదే ఆలోచించాను.

పెద్దవాళ్లిద్దరూ ఒక జట్టని మేడమ్ తేల్చేసింది. పేషెంటుని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చాలి. చెరో పక్క దుప్పటి పట్టుకుని ఒకటి, రెండు, మూడు అనుకుని ఎత్తాలి. ఆయన మూడు అంటూనే ఎత్తేవాడు, ఆమె మూడు అయ్యాక. మధ్యలో నేను ఉయ్యాల.

“ఇలా అయితే పెద్దమ్మ నిజం పేషెంటైపోతుంది,” అంది కండక్టర్. “నా బస్సులో రేకు మీద రెండుసార్లు తడితే కదలాలి, ఒకసారి తడితే ఆగాలి. ఇరవై ఏళ్లలో మా డ్రైవర్ ఒక్కసారి పొరబడలేదు. మీకు చేతనవుతుందా?”

“తట్టి చూడండి.”

ఆమె మంచం కమ్మీని రెండుసార్లు తట్టింది. దూదిపింజలా వెళ్లి కుర్చీలో పడ్డాను. ఆ రోజు నుంచి మేడమ్ ముందు నోటి లెక్క, మేడమ్ లేకపోతే కమ్మీ లెక్క.

నా మంచానికి ఎదురుగా గోడ మీద నంబర్లేసి ఏవో రూల్స్ రాసిన పెద్ద బోర్డుండేది. రోజంతా దాన్నే చూసేదాన్ని. అందులో ఏముందని అడిగితే, మధ్యాహ్నం తిండయ్యాక ఇద్దరూ నాకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. ఆయన బట్ట మీద గీసే సుద్దతో పలక మీద ఒంపులు తిప్పేవాడు.

“అది అక్షరమా, కాలరా?” అనేది ఆమె.

“మీది చూసుకోండి. కుదుపులో టికెట్టు చింపినట్టుంది.”

“కుదుపులో నిలబడటం మీకొచ్చా అసలు?”

వాళ్ల పోట్లాట మధ్యలో నాకు గుణింతాలు వచ్చేశాయి.

ఒకరోజు జోరున వాన. పిల్లలంతా కిటికీల దగ్గరికి పరిగెత్తారు. నేను స్పృహ లేని పేషెంటుని.

“కండక్టర్ గారూ, ఒక మాట,” అన్నాడు టైలర్.

“పెద్దమ్మ ఉంది.”

“ఆవిడకి స్పృహ లేదు కదండీ. ఈ కోర్సు అయిపోయాక కూడా మనిద్దరం...”

కమ్మీ మీద ఒక్క దెబ్బ పడింది. ఆయన ఆగిపోయాడు.

“ఈ పరీక్ష పోతే నేను అన్నయ్య దగ్గరికి వెళ్లిపోవాలి,” అందామె నెమ్మదిగా. “మళ్లీ రాయడానికి వయసు దాటిపోతుంది. వదిన వంటింటి పక్క గది సర్ది పెట్టింది. మంచిదే పాపం. కానీ ఆ గదిలోకి వెళ్తే నేనిక బయటికి రాను. అందాకా నా చెవిన ఇంకేమీ వెయ్యకండి.”

“పరీక్ష అయ్యాక?”

కళ్లు తెరిచి ఆమె మొహం చూద్దామని ప్రాణం కొట్టుకుంది. స్పృహ లేనిదాన్ని, ఏం చెయ్యను?

పరీక్ష రోజు కొత్త ఎగ్జామినర్ వచ్చింది. నవ్వు మొహం కాదు. నేను మాట పడిపోయిన పేషెంటుని. వాళ్లిద్దరూ దుప్పటి పట్టుకున్నారు. “ఒకటి, రెండు” అన్నాడాయన. అంతలో కమ్మీ మీద ఒక్క దెబ్బ. ఆయన చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. మూడు రాలేదు.

“ఎందుకు ఆగారు?” పెన్ను ఎత్తింది ఎగ్జామినర్.

“చెయ్యి పట్టేసిందండీ,” అన్నాడు టైలర్. “తప్పు నాదే.”

“కాదండీ.” కండక్టర్ వంగి కుర్చీ చక్రం చూపించింది. “కుర్చీకి బ్రేకు వెయ్యాల్సింది నేను. మర్చిపోయాను. చూసుకుని ఆపమన్నాను.”

“మీరేమీ అనలేదే?”

“ఒకసారి తట్టాను. ఒకసారంటే ఆగమని.”

“ఊరుకోండి,” గొణిగాడాయన. “పోతే నా మార్కులు పోతాయి.”

“మీ మార్కుల మీద నేను గట్టెక్కాలా?”

“బ్రేకు మర్చిపోతే ఫెయిలే,” అంటూ ఎగ్జామినర్ కాగితం మీద పెన్ను పెట్టింది. వంటింటి పక్క గది నా కళ్లముందు కదిలింది.

“ఆగండి మేడమ్. గోడ మీద అయిదో రూలు చదువుతాను,” అన్నాను.

మాట పడిపోయిన పేషెంటు మాట్లాడేసరికి అందరూ బిగుసుకుపోయారు. నేను కూడబలుక్కున్నాను. “పొ... ర... పాటు గమ... నిస్తే వెం... టనే ఆపండి. ఆపిన వారిని... త... ప్పు పట్టరాదు.” అంత చదవడానికి ఎంతసేపు పట్టిందో. ఒక్కరూ తొందరపెట్టలేదు.

ఎగ్జామినర్ వెనక్కి తిరిగి బోర్డు చదువుకుంది. “మీకు మాట పడిపోయింది కదమ్మా?”

“కోలుకున్నానండీ.”

ఆవిడ పెదవి కొంచెం వంకర తిరిగింది. “బ్రేకు వేసి మొదటి నుంచి చెయ్యండి.”

చేశారు. బ్రేకుకి రెండు మార్కులు పోయినా ఇద్దరూ పాసయ్యారు.

ఫలితాలొచ్చిన రోజు అందరూ వెళ్లిపోయాక ఇద్దరూ నా మంచం దగ్గరికి వచ్చారు. అడుగుల చప్పుడు వింటూనే కళ్లు మూసుకున్నాను.

“పరీక్ష అయిపోయింది,” అన్నాడు.

“అయింది.”

“ఆ రోజు ఆపిన మాట పూర్తి చెయ్యనా? పెళ్లి చేసుకుందామండీ.”

కమ్మీ మీద ఒక దెబ్బ పడింది. ఒకసారంటే ఆగమని. చచ్చామురా అనుకున్నాను. అప్పుడు పడింది రెండోది.

“మధ్యలో అంతసేపా?” అన్నాడు టైలర్.

“ఇరవై ఏళ్ల సర్వీసండీ. ఎక్కాల్సినవాళ్లంతా ఎక్కారో లేదో చూసుకోకుండా బండి కదలనివ్వను,” అంది కండక్టర్. తర్వాత నా భుజం తట్టింది, రెండుసార్లు. “లేవండి పెద్దమ్మా. మీరూ ఎక్కాలి.”

ఇట్లు,
అందరూ పేషెంటమ్మ అని పిలిచే నేను. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడుండేది వాళ్లింట్లోనే, కుట్టుమిషను ఉన్న గదిలో. దాని తలుపు వీధిలోకి తెరుచుకుంటుంది.