కుడివైపు గుండె

అత్రాతో అనే నది ఒడ్డున వాన పట్టుకుందంటే చేపలు మెట్లెక్కి ఇళ్లలోకి వచ్చేస్తాయి. అలాంటి మిట్టమధ్యాహ్నం మంత్రసాని యూఫ్రోసినా ఒక్కతే కూర్చుని అరటికాయ ముక్కలు వేయించుకుంటోంది. నదికి అటూ ఇటూ ఉన్న జనంలో సగంమందికి బొడ్డు కోసింది ఆవిడే; అందరికీ ఆవిడ అత్తే. పురుడొస్తే తప్ప ఆమె గడప తొక్కేవాళ్లు లేరు.

పడవ దిగి నేయ్‌దా పరుగెత్తుకొచ్చింది. చేతుల్లో నిన్న పుట్టిన కొడుకు.

"అత్తా, వీడి ఊపిరి చూడు! పుట్టిన దగ్గర్నుంచీ ముక్కు కారుతూనే ఉంది."

"నిండునెలల బిడ్డేగా, జలుబే పిల్లా. నీ మొగుడి గురకకంటే నయం," అంటూ యూఫ్రోసినా వాణ్ణి ఒళ్లో వేసుకుంది.

రొమ్ము మీది గుడ్డ కాస్త జరిపింది. డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి. ముక్కులో గుర్... గుర్... గుండె చప్పుడు వినే చెక్కగొట్టం బిడ్డ ఎడమ రొమ్ముకి ఆనించి చెవి పెట్టింది.

ఏమీ లేదు.

బిడ్డ ఏడుస్తున్నాడు. గుండె చప్పుడు మాత్రం లేదు.

అప్పుడు... చిట్టివేళ్లు ఆమె మణికట్టు పట్టుకున్నాయి. గొట్టాన్ని మెల్లగా కుడివైపుకి జరిపాయి. అక్కడుంది గుండె. గుర్రంలా పరిగెడుతోంది.

బిడ్డ చేతులు రెండూ ఇంకా గుడ్డలోనే బిగించి చుట్టి ఉన్నాయి.

యూఫ్రోసినాకి ఇంకో బిడ్డ గుర్తొచ్చాడు. ఆరేళ్ల కిందట నేయ్‌దా తొలిచూలు కొడుకు నీలంగా పుట్టాడు. ఏడవలేదు. తను ఎడమవైపే విని, "గుండె ఆడటంలేదు," అనేసింది. పాపం ఎరుగని పసివాడు పోతే చేసే ఆచారం ప్రకారం, పాటలు పాడుతూ చేతులు మార్చుకుంటూ వాణ్ణి తెల్లవార్లూ ఆడించారు. తన చేతికొచ్చినప్పుడు ముక్కు తడిగా ఉంటే తుడిచింది.

మళ్లీ తడిసింది.

మళ్లీ తుడిచింది... తెల్లారాక పూడ్చిపెట్టారు.

"అత్తా, ఏం వినిపిస్తోంది?"

"పట్నం ఆసుపత్రికి పరుగెత్తు," గుసగుసలాడింది. "గుండె కుడివైపుందని చెప్పు. పుట్టుకతోనే ముక్కు తడని చెప్పు. ఇది మీ రక్తంలోదే అయ్యుంటుంది... వీడి అన్నకీ ఇదే."

"అన్నకా? వాడు చచ్చే పుట్టాడన్నావుగా?"

"పోవే... ముందు వీణ్ణి బతికించుకో."

నేయ్‌దా బిడ్డను గుండెకి హత్తుకుని వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

మూడోనాడు నేయ్‌దా మొగుడు ఆర్సెసియో పడవలోంచే కేకేశాడు: "గండం గడిచింది! వంశంలో వచ్చే జబ్బేనట!"

"నేయ్‌దా ఏమంది?"

పడవ ఆగలేదు.

యూఫ్రోసినా లోపలికొచ్చింది. తన మంచం మీద, గోడవైపు, దుప్పటి గుంటపడి ఉంది. చుట్టిన పసికందంత గుంట. అరచెయ్యి ఆనించింది.

చల్లగా ఉంటే అంత భయపడేది కాదు.

వెచ్చగా ఉంది...