జత కలిసిన కపాలం

అది అమావాస్య... శుక్రవారం... రాహుకాలం!

శేషాచల శిఖరాలపై కారుమేఘాలు కరాళభూతాల్లా కమ్ముకున్నాయి. ఫెళఫెళమంటూ పిడుగు! పట్టపగలే గుడ్లగూబ కూసింది... దానికీ వేళాపాళా లేకపోయింది.

అలిపిరి దగ్గర ఒక ఇంటి మేడగదిలో కొత్తగా అద్దెకు దిగిన మాంత్రికుడు ఆదిమూలం, కుంకుమ పూసిన కపాలం ముందు కూర్చున్నాడు. దాని నోట్లో నీలికాంతి మిణుకుమంటోంది... ముట్టుకోకుండా మనిషిని కట్టేసే క్షుద్రవిద్య! నియమాలు రెండే. మనిషి దగ్గర్లో ఉండాలి. తనంతట తాను సరేననాలి.

కింద వంటింట్లో ఆ ఇంటి కోడలు కమలిని పులిహోరకు పోపు పెట్టి, చెవుల్లో ఇయర్‌బడ్స్ దోపుకుని బ్లూటూత్ వేసింది. 'కపాలంతో జత కలపాలా?' అనడిగింది ఫోను. లోకంలో అందరిలాగే ఆమె కూడా చదవకుండా 'సరే' నొక్కింది.

అంతే! చెవుల్లో ఆదిమూలం గొంతు మోగింది.

“హహ్హహ్హా! మీ సాలగ్రామాన్ని నా చేతికియ్యి! అది గడప దాటితే ఈ ఇంటికి దిక్కుండదు... ఆపైన నీ ప్రాణం నాది!”

కమలిని కళ్ళు తేలేసింది. చేతులు ఆమె మాట వినలేదు. కాళ్ళు వంటింటిని ఆనుకున్న పూజగదిలో, సాలగ్రామం ఉన్న పెట్టె వైపు కదిలాయి...

“ఏమే కమలినీ! మడి లేకుండా పెరుమాళ్ళ పెట్టె ముడతావా?” అత్తగారు కుముదవల్లి కేకేసింది.

కోడలి నోట మగగొంతు బుసకొట్టింది. “పక్కకు పో, ముసలీ!”

కోడలి చెవిలో మిణుకుమంటున్న నీలికాంతి చూడగానే కుముదవల్లికి అర్థమైంది. తాను మడిలో ఉంది, కోడలిని తాకకూడదు. కానీ... వాడూ తాకలేదు కదా!

“చెవిలో ఉండావా నాయనా? ఉండు, ఆడనే ఉండు!”

జానెడు దూరంలో నిలబడి, ఫోను లేకపోయినా తిరుమలకు వినిపించే కంఠంతో సుదర్శన మంత్రం అందుకుంది. కట్టిన తాడుకు రెండు కొసలుంటాయని మాంత్రికుడు మరిచాడు! ఇయర్‌బడ్స్ మైకులో పడి ఆ మంత్రం మేడెక్కింది... కపాలం నోట అత్తగారే గర్జించింది! గదినిండా చక్రజ్వాలలు!

“అమ్మా! జత తెంచు తల్లీ! కాలిపోతా ఉండాను!”

వేళ్ళు కమలిని స్వాధీనంలోకి వచ్చాయి. ఒక్క నొక్కుతో తెంచవచ్చు. ఆమె ఫోనును పోపులడబ్బా మీద బోర్లించింది.

“తెంచను పోరా! నా ఒళ్ళు నడిపించినావే, ఇప్పుడు మా అత్త మాట పూర్తిగా విను! పెళ్ళయినప్పట్నుంచీ నేను వింటా ఉండాను!”

ఫెటిల్లున కపాలం పగిలింది! ఆర్తనాదం మధ్యలోనే తెగింది... మేడగదిలో గుప్పెడు బూడిద మిగిలింది.

'కపాలాన్ని మరచిపోవాలా?' అనడిగింది ఫోను.

ఈసారి కమలిని చదివింది. 'వద్దు' నొక్కింది.

“ఉండనీ అత్తా. వాడి గురువెవడన్నా ఉంటే వస్తాడు.”

“రానీ. నేను యాడికీ పోను,” అంది కుముదవల్లి. “ముందు ఆ పోపు సూడు, మాడినట్టుండాది.”