కుర్చీల బస్సుకు పంచరు

"మీ ప్లాన్ ప్రకారం మా అమ్మమ్మ రాతి మందిరం మొత్తం పది నిమిషాల్లో చూసి బస్సెక్కేయాలి. ఆవిడకి కళ్లజోడు వెతుక్కోవడానికే పది నిమిషాలు పడుతుంది," అంది ఆ అమ్మాయి, కాగితాన్ని టేబుల్ మీద పడేసి.

"పెట్టుకునే దిగమనండి."

"పెట్టుకునే ఉంటుంది. అయినా వెతుకుతుంది."

బాబాయిగారి ట్రావెల్స్ ఆఫీసులో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో బాబాయి కూర్చుంటాడు, రెండోదాంట్లో టూర్ ప్లానర్ అని బోర్డు పెట్టుకున్న మన కుర్రాడు. మూడో మనిషి వస్తే ఒకరు లేవాలి. కుర్రాడు లేచి ఆ అమ్మాయికి తన కుర్చీ ఇచ్చాడు. ఆమె వెళ్లిపోయాక కూడా అలాగే నిలబడి ఉంటే, కూర్చోమని బాబాయే గుర్తు చేయాల్సి వచ్చింది.

ఆమె ఇంజనీరు. పాత కట్టడాల గోడల్లో పగుళ్లు చూసి బాగుచేయించడం ఆమె ఉద్యోగం. ఆమె అమ్మమ్మ ఒకప్పుడు హెడ్‌మిస్ట్రెస్, ఇప్పుడు రిటైర్డ్ టీచర్ల సంఘానికి అధ్యక్షురాలు. చుట్టుపక్కల ఉన్న పురాతన ప్రార్థనా స్థలాలన్నీ ఒకే టూర్‌లో చూసి రావాలని ఆ సంఘం తీర్మానించింది. దేవుడు ఎవరైనా ఫరవాలేదు, గోడ మాత్రం పాతదై ఉండాలి. దారి చూపించే పని కుర్రాడిది, గోడల గురించి చెప్పే పని మనవరాలిది.

అయితే హెడ్‌మిస్ట్రెస్‌గారు జీవితంలో ఏదీ రిహార్సల్ లేకుండా చేసి ఎరగరు. తన వీడ్కోలు సభకే రెండు రిహార్సళ్లు వేయించారు. ఏడవాల్సిన చోట సరిగ్గా ఏడవలేదని లెక్కల మాస్టారి చేత మళ్లీ ఏడిపించారట. అలాంటి మనిషి టూర్‌ను మాత్రం వదులుతారా?

ఆదివారం సంఘం హాల్లో కుర్చీలన్నీ రెండేసి చొప్పున వేసి మధ్యలో నడవ వదిలారు. అది బస్సు. ముందు ఒంటరి కుర్చీలో కుర్రాడిని కూర్చోబెట్టి చేతికి ఓ పెద్ద స్టీలు పళ్లెం ఇచ్చారు. అది స్టీరింగు. హారన్ అతనే నోటితో కొట్టుకోవాలి. అతని పక్కన మైకు పట్టుకుని ఇంజనీరమ్మాయి నిలబడింది. ఇంకేం, స్వర్గం అనుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్‌గారు బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడరాదు.

బస్సు కదలకముందే కిటికీ పక్క సీటు కోసం లెక్కల మాస్టారికీ డ్రాయింగు మాస్టారికీ గొడవొచ్చింది. అక్కడ కిటికీయే లేదు. చివరికి డ్రాయింగు మాస్టారు సుద్దముక్కతో గోడ మీద కిటికీ గీసి ఆ సీటు లెక్కల మాస్టారికి వదిలేశారు. కాసేపటికి ఆయన గాలి ఎక్కువగా వస్తోందని మఫ్లర్ చుట్టుకున్నారు. డ్రిల్లు మాస్టారు బాత్‌రూముకు వెళ్లొచ్చేసరికి బస్సు బయల్దేరిపోయింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రానన్నారు. ఈపాటికి ఊరు దాటిపోయిన బస్సును తానెలా అందుకుంటానని ఆయన ప్రశ్న. కుర్రాడు పళ్లెం పూర్తిగా తిప్పి, వెనక్కి వచ్చి, ఆయన్ని ఎక్కించుకోవాల్సి వచ్చింది.

స్టోర్‌రూమును రాతి మందిరం అనుకోమన్నారు. విరిగిన బెంచీల మధ్య నిలబడి ఇంజనీరమ్మాయి గోడ మీద చెయ్యి వేసింది.

"దీన్ని కట్టినవాళ్లు రాయికీ రాయికీ మధ్య కొంచెం సందు వదిలారు. కింద నేల కదిలినా గోడ సర్దుకోవడానికి. సందు లేకుండా బిగించి కట్టిన గోడే ముందు పగులుతుంది."

అందరూ ఆ సున్నం గోడకేసి చూశారు. కుర్రాడు మాత్రం ఆ చేతికేసి చూశాడు, ఆ తర్వాత ముఖంకేసి. అక్కడితో అతని పని అయిపోయింది. తన ప్లాన్‌లో ఎక్కడా ఒక్క సందు కూడా లేదని అప్పుడే తెలిసొచ్చింది.

రెండో ఆదివారం బస్సు మాంచి స్పీడు మీద ఉండగా అతను పళ్లెం కింద పెట్టాడు.

"పంచరు," అన్నాడు.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరూ బస్సు దిగి కాళ్లు చాపుకున్నారు. ఫ్లాస్కులు మూతలు తెరుచుకున్నాయి. ఇంజనీరమ్మాయి అతని దగ్గరికి వచ్చింది.

"బస్సు ఆగింది కదా. ఇప్పుడు డ్రైవరుతో మాట్లాడొచ్చా?"

మాట్లాడొచ్చు. కానీ ఏం మాట్లాడాలి? పాపం కుర్రాడు జాకీ గురించి మాట్లాడాడు. జాకీని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో చాలా వివరంగా చెప్పాడు. ఆమె బుద్ధిగా విని వెళ్లిపోయింది.

తర్వాతి వారం మళ్లీ పంచరు. ఈసారి హెడ్‌మిస్ట్రెస్‌గారు వచ్చి ఏ టైరని అడిగారు. వెనక ఎడమదని చెప్పాడు. పోయిన వారం కూడా అదే కదా, స్టెప్నీ మార్చలేదా అన్నారు. డ్రిల్లు మాస్టారైతే ఊరుకోక నేరుగా బాబాయి దగ్గరికెళ్లి మీ టైర్లు అరిగిపోయాయని చెడామడా తిట్టొచ్చారు. ఏ టైర్లో అర్థంకాక బాబాయి భయపడిపోయి అసలు బస్సుకు కొత్త టైర్లు వేయించాడు.

ఆ పంచరులోనే ఆమె ఓ మాట చెప్పింది. కొండ మీది గంటల గోపురం బాగా బీటలు వారిందట. దాన్ని నిలబెట్టే పని ఆమెకు అప్పగించారట. టూర్‌లో అక్కడికి చేరాక పెట్టెతో సహా దిగిపోతుంది. గోపురం బాగుపడడానికి ఏళ్లు పట్టొచ్చు.

గంటల గోపురం ప్లాన్‌లో మూడో చోటు. కుర్రాడు దాన్ని చిట్టచివరికి తోసేశాడు. దానికి ముందు ఇంకా కొన్ని చోట్లు చేర్చాడు. ఎవరో ఎప్పుడో దణ్ణం పెట్టుకుని ఉండొచ్చన్న అనుమానం తప్ప మరే చరిత్రా లేని ఓ మొండిగోడ కూడా అందులో ఉంది. పెద్దలంతా చప్పట్లు కొట్టి ఆమోదించారు. ఇంజనీరమ్మాయి మాత్రం ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, మొండిగోడ బాగుందంది. అంతకన్నా మంచి అదను దొరకదు. అయినా కుర్రాడి నోటికి జాకీయే వచ్చింది.

అసలు టూర్ రానే వచ్చింది. అసలు డ్రైవరు పలకడు, ఉలకడు. రోడ్డు నున్నగా ఉంది. కుర్రాడికి వాటర్ క్యాన్ల పక్కన ఆఖరి సీటు దొరికింది, ఆమె మైకుతో ముందు నిలబడింది. ప్రతి చోటికీ అనుకున్న వేళకే చేరారు. తన ప్లాన్ ఇంత సవ్యంగా సాగుతుంటే ఇంతలా కుమిలిపోయిన ప్లానర్ మరొకడు ఉండడు. నిజం రాతి మందిరంలో డ్రిల్లు మాస్టారు పెదవి విరిచి, స్టోర్‌రూములోనే చల్లగా ఉండేదన్నారు. నిజం కిటికీ దొరికిన లెక్కల మాస్టారు దారిపొడవునా నిద్రపోయారు.

కొండ మీద గంటల గోపురం కనిపించింది. ఏదైతే అదయిందని కుర్రాడు లేచి నడవలో ముందుకు నడిచాడు. డ్రిల్లు మాస్టారు చొక్కా పట్టుకుని లాగి, బస్సు నడుస్తోంది కూర్చోమన్నారు. అతను కూర్చున్నాడు.

అప్పుడు మైకులో ఆమె గొంతు వినిపించింది.

"పంచరు."

అలాంటిదేం లేదని డ్రైవరు మొదటిసారి నోరు విప్పాడు. అతను బ్రేకు వేసేలోపే పెద్దలంతా అలవాటుగా లేచి నిలబడ్డారు, ఆగగానే దిగి ఫ్లాస్కులు తీశారు. ఏ టైరని హెడ్‌మిస్ట్రెస్‌గారు అడిగారు. వెనక ఎడమది అమ్మమ్మా, అంది ఆమె.

కుర్రాడు అక్కడికి వెళ్లి కొత్త టైరును చూశాడు.

"టైరు బాగానే ఉందండీ."

"కుర్చీల టైర్లు కూడా బాగానే ఉండేవి. ఏం చెబుతారో అని ప్రతిసారీ దిగొచ్చాను. మీరు జాకీ గురించి చెప్పారు." ఆమె గోపురం వైపు చెయ్యి చూపించింది. "ఇంకో మలుపు తిరిగితే నేను దిగిపోతాను. ఇప్పటికైనా చెప్పండి."

అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. గోపురం ఎన్నేళ్లకి బాగుపడినా సరే, ప్రతి ఆదివారం వస్తాను. బస్సు లేకపోతే కుర్చీ వేసుకునైనా వస్తాను."

"నాకూ ఇష్టమే," అంది ఆమె. "మొండిగోడ కలిపిన రోజు నుంచీ."

వెనక నుంచి దగ్గు వినిపించింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుక్కుంటున్నారు. ఆవిడ వెనక సంఘం మొత్తం రోడ్డు పక్కన రెండేసి చొప్పున సర్దుకుని కూర్చునుంది. డ్రైవరు మాత్రం టైర్లన్నీ తన్ని చూస్తూ బస్సు చుట్టూ తిరుగుతున్నాడు.

"దీని అమ్మానాన్నలతో నేను మాట్లాడతాలే," అన్నారావిడ. "కానీ నాయనా, మొదటిసారి కదా, తడబడ్డావు. ఇంకోసారి చెప్పు. ఈసారి నేలవైపు చూడకు."

కుర్రాడు తలెత్తి, ఆమె కళ్లలోకి చూస్తూ మొదటి నుంచీ మళ్లీ చెప్పాడు. ఈసారి లెక్కల మాస్టారు ఏడవాల్సిన చోట సరిగ్గానే ఏడ్చారు.